ఒక్క సూది టీకా: చిక్కు ఎక్కడ పడింది?

ఒక్క సూదితో సరిపెట్టే టీకా మాట విశాఖలో మళ్లీ నలుగుతోంది. పసిబిడ్డకు ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకాను 6, 10, 14 వారాలకు మూడుసార్లు వేయాలి. అరకు, పాడేరు కొండల్లో ఆ మూడు విడతలూ తప్పకుండా అందడం ఎంత కష్టమో వానాకాలంలో అక్కడికి వెళ్లినవాళ్లకు తెలుసు. మూడు మోతాదులనూ ఒకేసారి ఒంట్లో పెట్టేస్తే, సమయానికి ఒక్కొక్కటే విడుదలవుతుందన్నది పరిశోధకుల ఆశ.

ప్లాస్టిక్ లాంటి పాలిమర్‌లోంచి ప్రోటీన్‌ను నెమ్మదిగా వదలవచ్చని 1976లో అమెరికా పరిశోధకులు లాంగర్, ఫోక్‌మన్ చూపారు. అది తెలిసిన కథే. ఇప్పటి చిక్కు అర్థం కావాలంటే 1990లలో ధనుర్వాతం టీకా దగ్గర జరిగింది చూడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అండతో పలు ప్రయోగశాలలు టెటనస్ టాక్సాయిడ్‌ను, అంటే ధనుర్వాతం టీకాలో వాడే విషం తీసేసిన ప్రోటీన్‌ను, పీఎల్‌జీఏ అనే పాలిమర్ రేణువుల్లో బంధించాయి. ఆపరేషన్‌లో వేసే కరిగిపోయే కుట్ల దారం ఈ జాతిదే. ఢిల్లీలోని జాతీయ ఇమ్యునాలజీ సంస్థ కూడా ఈ దారిలో పనిచేసింది. అయితే రేణువు కరిగేటప్పుడు లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలు పుడతాయి. లోపల ఆమ్లం, తేమ, బయట 37 డిగ్రీల ఒంటి వేడి. వారాల తరబడి వీటి మధ్య ఉన్న టాక్సాయిడ్ ముద్దకట్టి, రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టే రూపం కోల్పోతుంది. మొదటి మోతాదు బాగానే బయటపడుతుంది. బూస్టర్‌గా పనిచేయాల్సినది చెడిపోయి వస్తుంది. అదే పీఎల్‌జీఏతో ల్యూప్రోలైడ్ అనే హార్మోన్ మందు అమెరికాలో 1989కే వాడుకలోకి వచ్చింది. అది చిన్న పెప్టైడ్, అంటే ప్రోటీన్ కన్నా బాగా చిన్న గొలుసు, కాబట్టి తట్టుకుంది.

2017లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ బృందం మూతపెట్టిన కప్పుల్లాంటి సూక్ష్మరేణువులు చేసింది. అవి అనుకున్న రోజుకే పగిలాయి, ఎలుకల్లో. 2018లో ఆమ్లాన్ని అదుపుచేసే పదార్థాలు కలిపి పోలియో టీకాను కాపాడగలిగారు, అదీ ఎలుకల్లోనే. గొప్ప పనులే. కానీ ఇవి పాడేరు ఉపకేంద్రానికి చేరాలంటే క్రిమిరహితంగా, లక్షల మోతాదుల్లో, చవకగా తయారు కావాలి.

చేరినా టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త, ఏఎన్‌ఎం భుజాన ఐస్‌ప్యాక్‌ల డబ్బా ఉండాల్సిందే. ఎందుకంటే తట్టు, రుబెల్లా టీకాలో ఉన్నది బతికున్న వైరస్, ఒంటి వేడిలో నెలల తరబడి నిలవదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు తగ్గాకే పనిచేస్తుంది కనుక దాన్ని తొమ్మిదో నెలలో వేస్తారు. 16–24 నెలల మధ్య రెండో మోతాదు ఉంది. ఆ కొండ ఎక్కే మనిషికి జీతం, దారి, శీతల పెట్టె ఇప్పుడే కావాలి.