సిగ్నల్ నిండుగా, నెట్ నత్తనడకగా: బెంగళూరు పీజీల వైఫై ఇరుకు ఎక్కడ మొదలైంది

"సిగ్నల్ ఫుల్లుంది బ్రో, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంది." మారతహళ్లి, కుందలహళ్లి, బీటీఎం లేఅవుట్‌లలో మనవాళ్లుండే ఏ పీజీలోనైనా రాత్రి తొమ్మిది దాటితే వినిపించే మాటే ఇది. అనుమానం ముందు నెట్ కంపెనీ మీదికి పోతుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 200కి పెంచమని ఓనర్‌ను అడుగుతారు, ఆయన పెంచుతాడు కూడా. ఆ రాత్రీ వీడియో తిరుగుతూనే ఉంటుంది. చాలాచోట్ల ఇరుకు ఉన్నది ఫైబర్ తీగలో కాదు, రూటర్‌కూ ఫోన్‌కూ మధ్య గాలిలో.

అవునో కాదో తేల్చుకోవడం తేలికే. ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కలిపి, వైఫై ఆపేసి, రద్దీ వేళలోనే స్పీడ్ టెస్ట్ చేయాలి. కేబుల్ మీద 90 వచ్చి, అదే గదిలో వైఫై మీద 8 వస్తే తప్పు ప్లాన్‌ది కాదు. ఒక్క జాగ్రత్త: చవక రూటర్ల లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతుంది. 200 ప్లాన్ ఉన్నా కేబుల్ మీద 95 దాటకపోతే ఆ పోర్టును అనుమానించాలి.

ఇక గాలి సంగతి. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ టెలికాం సమావేశం కొన్ని రేడియో పట్టీలను (బ్యాండ్లను) పరిశ్రమలకు, వైద్య పరికరాలకు, వేడి పుట్టించే యంత్రాలకు వదిలేసింది. 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల ప్రాంతం వాటిలో ఒకటి. మైక్రోవేవ్ ఓవెన్ ఈనాటికీ పనిచేసేది అక్కడే. అంత రొద ఉన్నచోట కబుర్లకు ఎవరూ సిద్ధపడలేదు, ఇంజనీర్లు వీటిని చెత్త బ్యాండ్లనేవారు. 1985 మేలో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ చెత్తలోనే, తక్కువ శక్తితో, లైసెన్సు లేకుండా ఎవరైనా సమాచారం పంపుకోవచ్చని తలుపు తెరిచింది. అమెరికా చిప్ కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో కార్యాలయం పెట్టిందీ ఆ ఏడాదే. ఈ రెండింటికీ సంబంధం లేదు గానీ, ఈ నగరపు పీజీలు ఆ రెండింటికీ బాకీపడ్డాయి: వైఫైకి మొదటిదానికి, ఐటీ జనానికి రెండోదానికి.

1997లో వైఫైకి మూలమైన 802.11 ప్రమాణం వచ్చింది, వేగం 2 ఎంబీపీఎస్. 1999లో వచ్చిన 802.11బి 11 ఎంబీపీఎస్ ఇచ్చింది, ల్యాప్‌టాప్‌లలోకి దూరింది. ఇప్పటి ఇరుకుకు పునాది పడింది అక్కడే. ఉన్న పట్టీ మొత్తం 83.5 మెగాహెర్ట్జ్. దాన్ని చానళ్లనే దారులుగా గుర్తించి, నంబర్లను 5 మెగాహెర్ట్జ్‌కు ఒకటి చొప్పున వేశారు: 1వ చానల్ 2412 దగ్గర, 13వది 2472 దగ్గర. కానీ ఒక్కో సిగ్నల్ ఆక్రమించే వెడల్పు 22 మెగాహెర్ట్జ్. అందుకే నంబర్లు పదమూడున్నా ఒకదాన్నొకటి తగలకుండా పట్టేవి మూడే: 1, 6, 11.

పక్కింటి రూటర్ 1 మీద, మీది కూడా 1 మీద ఉంటే రెండూ వంతులు వేసుకుంటాయి. వైఫై పద్ధతే అది. ఒకే గదిలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగినట్టు, గాలి ఖాళీ అయ్యాకే పరికరం నోరు విప్పుతుంది. పక్కది 1 మీద ఉంటే తెలివిగా 3 పెట్టుకునేవాళ్లున్నారు. అది ఇంకా చెరుపు. చానల్ వేరు కాబట్టి ఒకరి మాట ఒకరికి అర్థంకాని రొదగా మారుతుంది, ప్యాకెట్లు (సమాచారపు ముక్కలు) పాడై మళ్లీమళ్లీ పంపాల్సి వస్తుంది. 3, 4, 8 లాంటి చానళ్ల జోలికి పోవద్దు. 13 మన దేశంలో వాడొచ్చు గానీ, అమెరికాలో కొన్న ఫోన్లకు, కొన్ని ప్రింటర్లకు అది కనబడదు.

కనబడని ఖర్చు ఇంకొకటి ఉంది. ప్రతి వైఫై పేరూ సెకనుకు దాదాపు పదిసార్లు "నేనిక్కడున్నాను" అని చాటుతుంది. దీన్ని బీకన్ అంటారు. పాత 802.11బి పరికరాలకు కూడా వినబడాలని 2.4లో దీన్ని చాలా రూటర్లు 1 ఎంబీపీఎస్ వేగంతోనే పంపుతాయి. 300 బైట్ల బీకన్‌కు రెండున్నర మిల్లీసెకన్లు పడుతుంది. ఒకే చానల్ మీద పది పేర్లుంటే, ఎవరూ ఏమీ చూడకముందే గాలిలో పావు వంతు సమయం హారతి. అంతస్తుకో రూటర్, రూటర్‌కు గెస్ట్ పేరొకటి పెట్టిన పీజీలో పది పేర్లు ఒక లెక్కే కాదు. రూటర్ సెట్టింగ్స్‌లో మోడ్‌ను బి/జి/ఎన్ (802.11 తరాల అక్షరాలివి) నుంచి జి/ఎన్‌కో ఎన్‌కో మార్చి, వాడని గెస్ట్ పేరు తీసేస్తే ఈ భారం చాలా తగ్గుతుంది.

రూటర్ అట్టపెట్టె మీది అంకెల సంగతీ చూడాలి. తర్వాతి తరం 802.11ఎన్ రెండు చానళ్లను కలిపి 40 మెగాహెర్ట్జ్ వాడుకోనిచ్చింది. వెయ్యి రూపాయల రూటర్ మీద కనిపించే '300 ఎంబీపీఎస్' ఆ 40తోనే వస్తుంది. 20 మెగాహెర్ట్జ్ మీద అదే రూటర్ గరిష్ఠం 144, చేతికొచ్చేది అందులో సగం. అపార్ట్‌మెంట్ మధ్యలో 40 పెట్టడమంటే పట్టీలో సగం తనదే అనడం. పక్కవాళ్లనూ ముంచుతుంది, తానూ మునుగుతుంది. 2.4లో చానల్ విడ్త్ 20 దగ్గర పెట్టి వదిలేయండి.

భారత్‌లో 2005 జనవరిలో 2.4 పట్టీకి లైసెన్సు అవసరం తీసేశారు. 5 గిగాహెర్ట్జ్‌లోనూ కొంత భాగం అప్పుడే ఇచ్చారు, ఇళ్ల లోపల మాత్రం. 2018 అక్టోబరులో 5 పట్టీలో మొత్తం 605 మెగాహెర్ట్జ్, బయట వాడుకతో సహా తెరుచుకుంది. 83.5 ఎక్కడ, 605 ఎక్కడ! 2020లో ఇల్లే ఆఫీసైనప్పుడు చాలామందిని కాపాడింది ఈ పట్టీయే. అయినా 2.4 మాత్రమే ఉన్న పాత సింగిల్ బ్యాండ్ రూటర్లతో నెట్టుకొస్తున్న పీజీలు ఇప్పటికీ ఉన్నాయి.

మీరు ఏ పట్టీ మీద ఉన్నారో విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, ప్రాపర్టీస్‌లో చూడొచ్చు. బ్యాండ్, చానల్ రెండూ ఉంటాయి. చుట్టుపక్కల ఎవరు ఏ చానల్‌లో ఉన్నారో ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ తరహా యాప్ బొమ్మ గీసి చూపుతుంది. రూటర్ పేజీ సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1, లాగిన్ వివరాలు అడుగున స్టిక్కర్ మీద. రెండు పట్టీలకూ ఒకే పేరుంటే కొన్ని ఫోన్లు 2.4నే పట్టుకు వేలాడతాయి. 5కి వేరే పేరు పెడితే ఆ బాధ పోతుంది. అక్కడా చానల్ విడ్త్ 80 మెగాహెర్ట్జ్ పెడితే చాలా రూటర్లు 36–48, 149–161 అనే రెండు చానల్ గుంపుల్లోనే తోసుకుంటాయి. రద్దీ ఉంటే 40కి దించండి, రెండు గుంపులు నాలుగవుతాయి. 52 నుంచి 144 వరకూ చానళ్లు రాడార్లతో పంచుకునేవి. రూటర్ ఆన్ చేశాక వాటిమీద కనీసం ఒక నిమిషం వైఫై కనబడకపోతే అది చెడిపోయినట్టు కాదు, రాడార్ ఉందేమోనని వింటోంది.

5కి ఉన్న లోటు గోడలు. ఫైబర్ పెట్టడానికొచ్చినవాళ్లు రూటర్‌ను తలుపు దగ్గర, చెప్పుల స్టాండ్ పైన బిగించి పోతారు. రెండు గోడల అవతల ఉన్న మూల గదికి 5 అందక ఫోన్ మళ్లీ 2.4కే జారుతుంది. అక్కడ రిపీటర్ (వైఫైని అందుకుని మళ్లీ పంపే పెట్టె) పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. విన్న ప్రతి ప్యాకెట్‌నూ అది సాధారణంగా అదే చానల్ మీద మళ్లీ పలుకుతుంది, గాలి ఖర్చు రెట్టింపవుతుంది. 15 మీటర్ల క్యాట్ 6 లాన్ కేబుల్ లాగి, చివర రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (కేబుల్ మీద వచ్చిన నెట్‌ను వైఫైగా ఇచ్చేలా) పెట్టడమే మేలు. దానికి మొదటిది వాడని చానల్ ఇవ్వాలి.

2025 మేలో కేంద్రం 5925–6425 మెగాహెర్ట్జ్ పట్టీని కూడా లైసెన్సు లేకుండా వదలడానికి ముసాయిదా నిబంధనలు తెచ్చింది. అది వాడాలంటే రూటర్, ఫోన్ రెండూ వైఫై 6ఈ లేదా 7 రకానివి కావాలి. ఉత్త వైఫై 6 అని రాసున్నవి పనికిరావు. గోడల విషయంలో 6 గిగాహెర్ట్జ్ 5 కన్నా మరింత నాజూకు, కాబట్టి మూల గదికి కేబుల్ లాగే పని ఎలాగూ తప్పదు.