ఉప్పు నీళ్లలో సున్నం: అపోహలు - వాస్తవాలు

నీటి పరీక్షలు చేసే మాకు రోజూ వినపడే మాట: ‘మా బోరు టీడీఎస్ 1800 అండీ, గీజర్ పోతుందేమోనని టెన్షన్!’

అపోహ: టీడీఎస్ ఎంత ఎక్కువుంటే సున్నం పొర అంత మందం.

వాస్తవం: టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఒక్క అంకె చూపిస్తుంది. గీజర్‌లో నీళ్లు కాచే కాయిల్‌కి పట్టేది మాత్రం ఎక్కువగా కాల్షియం కార్బొనేటే. తీరం దగ్గరి బోరులో ఆ 1800లో చాలా భాగం మామూలు ఉప్పే కావచ్చు. పల్నాడు సున్నపురాయి నేలలో 700 చూపించిన నీళ్లు కాయిల్‌ని అంతకంటే ముందే తినేయొచ్చు. హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం ఎంత), ఆల్కలినిటీ (ముఖ్యంగా బైకార్బొనేట్, కార్బొనేట్ ఎంత), పీహెచ్ చూడనిదే నేను జవాబు చెప్పను.

అపోహ: నీళ్లలో ఉప్పుంటే మిగతా ఖనిజాలకు చోటు చాలక త్వరగా స్ఫటికాలు కడతాయి.

వాస్తవం: చాలాసార్లు జరిగేది దీనికి తలకిందులు. కాల్షియం చుట్టూ క్లోరైడ్, సల్ఫేట్ చుట్టూ సోడియం మూగుతాయి. దాంతో కాల్షియం, సల్ఫేట్ ఒకదాన్నొకటి అందుకోవడం కష్టమవుతుంది. ఆ రెండూ కలిస్తే వచ్చేదే జిప్సం. అది మంచినీళ్లలో లీటరుకు 2 గ్రాములకు కాస్త పైన కరుగుతుంది. లీటరుకు 100 గ్రాములు దాటి ఉప్పున్న నీళ్లలో దాదాపు 7 గ్రాములు. ఉప్పు మరీ చిక్కబడితే మళ్లీ తగ్గుతుంది. బోరు నీళ్లలో ఉండే కాస్త ఉప్పుకి ఈ తేడా తక్కువే. పైగా ఇది సోడియం క్లోరైడ్ సంగతి. దాని బదులు కాల్షియం క్లోరైడ్ ఉంటే జిప్సం ఇంకా ముందే స్ఫటికాలు కట్టి దిగుతుంది, కావలసిన కాల్షియం అక్కడ సిద్ధంగా ఉంది కదా.

మెగ్నీషియంది వేరే దారి. సముద్రపు పైనీళ్లలో కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్ మామూలు స్ఫటికం) కట్టడానికి కావలసినదానికంటే ఎక్కువే కరిగి ఉన్నా అది దానంతట అది దిగదు, మెగ్నీషియం ఆ స్ఫటికాన్ని పెరగనివ్వదు. అలాంటి నీళ్లలో కార్బొనేట్ దిగితే సాధారణంగా అదే కార్బొనేట్‌కి మరో రూపమైన, సూదుల్లాంటి అరగొనైట్‌గా దిగుతుంది.

అపోహ: ఉప్పు మడిలో ముందు దిగేది ఉప్పు.

వాస్తవం: కాదు. ముందు కార్బొనేట్, నీళ్లు అయిదో వంతుకు ఇంకేసరికి జిప్సం, పదో వంతుకు వచ్చాక, అంటే నీళ్ల చిక్కదనం కొలిచే బామే స్కేలు మీద 25 దాటాక, ఉప్పు. జిప్సాన్ని ముందు మడుల్లోనే దించేసుకుంటే ఉప్పు శుభ్రంగా వస్తుంది.

అపోహ: బకెట్లో ఉప్పు వేస్తే నీళ్లు మెత్తబడతాయి.

వాస్తవం: కాల్షియం ఎక్కడికీ పోదు. సాఫ్ట్‌నర్‌లో వేసే ఉప్పు, కాల్షియాన్ని పట్టుకునే రెజిన్ పూసల్ని మళ్లీ పనికి తేవడానికి.

పొర ఏదో తెలియాలంటే గీకి తీసిన పెచ్చు మీద వెనిగర్ చుక్క వేయండి. బుసబుసమని నురగ వస్తే కార్బొనేట్. జిప్సం ఉలకదు, పలకదు; దాని మీద యాసిడ్ గుమ్మరించడం డబ్బు దండగ.