సరిహద్దులో సైన్యం, బయటినుంచి సాయం: అపోహలు – వాస్తవాలు

అపోహ: సరిహద్దుకు ట్యాంకులు చేరాయంటే యుద్ధం వచ్చేసినట్టే.

బెదిరించడానికీ ట్యాంకులు తెస్తారు. 2021 వసంతంలో రష్యా ఉక్రెయిన్ సరిహద్దుకు లక్ష మంది దాకా తరలించి, ఏప్రిల్ 22న విన్యాసాలు అయిపోయాయంది. మనుషులు వెళ్ళారు, బరువైన సామగ్రి చాలావరకు అక్కడే ఉండిపోయింది. అసలు చూడాల్సింది ట్యాంకుల వెనక ఏం చేరిందన్నది. విన్యాసాలకైనా ఇంధనం బండ్లు, వంటబండ్లు వస్తాయి. రక్తం నిల్వలు రావడం మాత్రం వేరే సంగతి. ఎర్ర రక్తకణాలు చల్లగా దాచినా ఆరు వారాలకు మించి నిలవవు. వాడే ఉద్దేశం లేకుండా ఎవరూ తెచ్చిపెట్టుకోరు. రష్యా సరిహద్దుకు రక్తం నిల్వలు చేర్చిందని అమెరికా అధికారులు చెప్పింది 2022 జనవరి చివర్లో. ఫిబ్రవరి మధ్యలో బెలారస్‌లో ప్రిప్యాత్ నది మీద తేలే వంతెన ఉపగ్రహ చిత్రాలకు చిక్కింది.

అపోహ: రష్యా సైన్యం వెనక్కి వెళ్తున్నట్టు వీడియో ఉంది కదా!

రైలు ఎక్కడం వీడియోలో ఉంటుంది, ఎక్కడ దిగారో ఉండదు. రష్యా, బెలారస్, ఉక్రెయిన్ మూడింట్లోనూ పట్టాల వెడల్పు 1,520 మి.మీ.నే, బండి ఎటైనా తిప్పొచ్చు. రష్యా ‘ఉపసంహరణ’ ప్రకటించిన ఫిబ్రవరి 15నే కీవ్‌లోని మన ఎంబసీ, ముఖ్యంగా విద్యార్థులను, తాత్కాలికంగా దేశం వదలమని సూచించింది. 24న దాడి మొదలైంది. అక్కడే ఉండిపోయిన తెలుగు మెడికోలు ఆపరేషన్ గంగ విమానాల్లో రావలసి వచ్చింది.

అపోహ: అమెరికా ఉక్రెయిన్‌కు బిలియన్ల కొద్దీ నోట్ల కట్టలు పంపింది.

ప్రభుత్వ ఖర్చులకిచ్చే బడ్జెట్ సాయం పద్దు వేరు. సైనిక సాయానికి ప్రధానంగా రెండు దారులు: గోదాముల్లో ఉన్నది తీసివ్వడం (డ్రాడౌన్), అమెరికా కంపెనీలకు కొత్తగా ఆర్డరివ్వడం. మొదటిది వారాల్లో చేరుతుంది, రెండోది నెలలు, ఒక్కోసారి ఏళ్ళు. పాత సరుకుకు ఏ ధర కట్టాలన్నది మరో చిక్కు. కొత్తది కొనే ధర వేసినందువల్ల లెక్క 6.2 బిలియన్ డాలర్లు ఎక్కువైందని 2023లో పెంటగానే ఒప్పుకుంది.

అపోహ: ఫిరంగులిచ్చారు, ఇక కాల్చడమే.

155 మి.మీ. (గొట్టం లోపలి వెడల్పు) ఫిరంగికి ‘ఒక రౌండు’ అంటే నాలుగు వస్తువులు: 43–47 కిలోల గుండు, దాన్ని తోసే మందు, ముక్కున బిగించే ఫ్యూజు, మందు అంటించే ప్రైమరు. విడివిడి పెట్టెల్లో వస్తాయి. ఒక్కటి తగ్గినా మిగతా మూడూ బరువు చేటు. పైగా ఎం777, సీజర్, పీజెడ్‌హెచ్ 2000 ఫిరంగులన్నీ 155 అయినా ఒకదాని మందు ఇంకోదానికి సరిగ్గా కుదరకపోవచ్చు. ఎంత మందుకు ఎంత దూరమన్న పట్టికలూ మారతాయి. ఉక్రెయిన్ పాత సోవియట్ ఫిరంగులు 152. మూడు మిల్లీమీటర్ల తేడాతో కొత్త గుండు అందులోకి దూరనే దూరదు.

గొట్టం అరుగుదల సంగతి టీవీ చర్చల్లో వినపడదు. గరిష్ఠ దూరానికి, అంటే నిండు మందుతో, కొడుతూ పోతే గొట్టం త్వరగా అరిగి గుండు గురి తప్పుతుంది. అప్పుడు పోలండ్ మరమ్మతు కేంద్రాలకు ప్రయాణం. 2022 మొదట్లో అమెరికా నెలకు చేసే 155 గుళ్ళు సుమారు 14,000. పోరు ముదిరిన రోజుల్లో అవి ఉక్రెయిన్‌కు రెండు మూడు రోజుల సరుకు.

అపోహ: పేట్రియట్ (అమెరికా గగనతల రక్షణ వ్యవస్థ) నేర్చుకోవడానికే ఏళ్ళు పడుతుంది.

65 మంది ఉక్రెయిన్ సైనికులు ఓక్లహామాలోని ఫోర్ట్ సిల్‌లో 2023లో పది వారాల్లో ముగించారు. అందరూ గగనతల రక్షణలో ముందే పండినవాళ్ళు. ఆ తర్వాత వేధించింది క్షిపణుల కొరత: పేట్రియట్ నుంచి వదిలే పాక్-3 ఎంఎస్‌ఈ క్షిపణి ఒక్కోటి దాదాపు 40 లక్షల డాలర్లు, వరసలో నిలబడ్డ దేశాలు ఇంకెన్నో.