ఒకే తుఫాను, రెండు పేర్లు

కావలి,
డిసెంబరు 14, 2025.

చిరంజీవి సుధకు, చిరంజీవి బబ్లుకు అమ్మమ్మ ఆశీస్సులు.

తుఫాను రోజు ఫోనులో బబ్లు అడిగాడు, "అమ్మమ్మా, మొంథా అంటే ఏంది? మన మీదకొచ్చే తుఫానుకు మన పేరు పెట్టుకోకూడదా?" అని. కరెంటు లేదు, ఫోనులో చార్జింగు లేదు, రెండు ముక్కల్లో తేల్చేశాను. సుధేమో సోషల్ పరీక్ష టెన్షన్‌లో ఉండి, దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ ఎందుకు ఆగిపోయిందని అడిగింది. రెండూ వేరు వేరు ప్రశ్నలని మీరనుకుంటున్నారు. నాకలా అనిపించలేదు, అందుకే ఈ ఉత్తరం.

మొంథా థాయిలాండ్ వాళ్లు ఇచ్చిన పేరు. వాళ్ల భాషలో సువాసన గల పువ్వట. ఆ పువ్వు మన మునగచెట్టును కూల్చిపోయింది. 2023లో వచ్చిన మిచాంగ్ మయన్మార్ పేరు. 2020లో నెల్లూరు పొలాలను ముంచిన నివర్ ఇరాన్ ఇచ్చింది. 2010 మేలో బాపట్ల దగ్గర తీరం దాటి, ప్రకాశం జిల్లా అంతా కుండపోత కురిపించిన లైలా ఎవరిచ్చిన పేరో తెలుసా? పాకిస్థాన్.

2000లో మస్కట్‌లో ఎనిమిది దేశాల వాళ్లు కూర్చుని, మన సముద్రాల్లో పుట్టే తుఫానులకు పేర్లు పెడదామని అనుకున్నారు. పెట్టడం మొదలైంది 2004లో. ఇప్పుడు పదమూడు దేశాలయ్యాయి. తలా పదమూడు పేర్లు ఇస్తే 169తో 2020లో కొత్త జాబితా తయారైంది. పేరు చిన్నదిగా ఉండాలి, ఎవరి మతాన్నీ రాజకీయాన్నీ గుచ్చకూడదు, ఒకసారి వాడింది మళ్లీ వాడరు. దేశాల వంతు అక్షరక్రమంలో వస్తుంది. తుఫాను ముదిరాక ఆ వంతు ప్రకారం పేరు ప్రకటించేది ఢిల్లీలోని మన వాతావరణ శాఖే. మిగతా విషయాల్లో ముఖముఖాలు చూసుకోని వాళ్లు కూడా ఈ పనికి కూర్చుంటారు.

పేరుదేముంది అంటారా? 1989 సంగతి చెబుతాను. అప్పుడు నేను కావలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరును. మీ అమ్మకు ఆరేళ్లు. నవంబరు 8 రాత్రి డ్యూటీలో ఉన్నాను. రేడియోలో హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. చీకటి పడ్డాక ఒక్కో లైనూ మూగబోయింది. ముందు తుమ్మలపెంట వైపు, తర్వాత అల్లూరు, ఆఖరికి నెల్లూరు ట్రంకు లైను. చెవికి హెడ్‌సెట్ పెట్టుకుని హలో హలో అంటూనే ఉన్నాను, గాలి హోరు తప్ప ఏమీ లేదు. తెల్లారి చూస్తే రోడ్డంతా చెట్లే. మనవైపు డెబ్బై మంది దాకా పోయారు. దాన్ని అందరూ కావలి తుఫాను అన్నారు, మన ఊరికే చెందిన కష్టం అన్నట్టు.

చాలా ఏళ్లకు తెలిసింది, అది మనది కాదని. థాయిలాండ్ సింధుశాఖలో పుట్టింది. సీక్రెస్ట్ అనే చమురు తవ్వే ఓడను బోల్తా కొట్టించి 91 మందిని మింగింది. నవంబరు 4న చుంఫోన్ అనే చోట నేలకెక్కి వందల మందిని చంపింది. అక్కడి ఇరుకైన నేలను దాటి బంగాళాఖాతంలో పడి, మళ్లీ బలం పుంజుకుని, నాలుగు రోజులకు మన గుమ్మంలోకి వచ్చింది. అటువైపు దాని పేరు 'గే'. అది అమెరికా నేవీ వాళ్ల పట్టికలోది. మన బంగాళాఖాతంలో అప్పట్లో పేర్లు పెట్టే అలవాటే లేదు. చుంఫోన్‌లో ఏడ్చిన తల్లికి కావలి తెలీదు, నాకు చుంఫోన్ తెలీదు.

సునామీ అప్పుడూ అంతే. 2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర సముద్రం అడుగు కంపించింది. మన తీరానికి నీళ్లు చేరడానికి రెండున్నర గంటలు పట్టింది. అన్ని గంటలున్నా ఒక్క కబురు రాలేదు. ఇప్పుడు మీ హైదరాబాదులోనే, ప్రగతినగర్ దగ్గర, సముద్రం సంగతులు కనిపెట్టి చెప్పే ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. అక్కడ 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకు ఆస్ట్రేలియా, ఇండోనేషియా కేంద్రాలతో పాటు అదీ కబురు చెబుతుంది. సెలవుల్లో నాన్నతో వెళ్లి బయటి నుంచైనా చూసి రండి.

ఇక సుధ ప్రశ్న. సార్క్ 1985లో ఢాకాలో పుట్టింది. దేశాధినేతలంతా చివరిసారి కలిసింది 2014లో, కాఠ్మండులో. 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది కాశ్మీరులో ఉరి అనే చోట మన సైనికుల మీద దాడి జరిగాక ఆగింది, మళ్లీ జరగలేదు. పాఠంలో ఇంతే రాస్తారు. నా లెక్క ఇంకోటి కూడా ఉంది. ఒక కాలువ కింద వందెకరాల ఆసామి ఒకడూ, రెండేసి ఎకరాల వాళ్లు ఆరేడుగురూ ఉంటే, ఆసామి ఎంత మంచివాడైనా మిగతావాళ్లకు తూము దగ్గర అనుమానమే. సార్క్‌లో ఆ ఆసామి మనమే. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో పెద్దది ఇండోనేషియా. 1966 దాకా మలేషియాతో కొట్లాడి, 1967లో బ్యాంకాక్‌లో అదే మలేషియా పక్కన కూర్చుని ఆ కూటమికి సంతకం పెట్టింది. పెద్దరికం చూపించలేదు. ఐదుగురితో మొదలైంది, మొన్న అక్టోబరులో తూర్పు తైమూర్‌తో పదకొండయింది. అందరూ సరేనంటే తప్ప ఏదీ తేల్చరు కాబట్టి పనులు నత్తనడక. అయినా ఎవరూ లేచి వెళ్లిపోలేదు.

డబ్బు తుఫాను కూడా ఒకటొచ్చింది, అదీ థాయిలాండ్‌లోనే. 1997లో వాళ్ల డబ్బు బాత్ విలువ పడిపోతే ఇండోనేషియా, కొరియా దాకా కుప్పకూలాయి. ఆ దెబ్బకు 2000లో చియాంగ్ మాయ్‌లో ఆసియాన్ వాళ్లు చైనా, జపాన్, కొరియాలను కలుపుకుని, కష్టమొస్తే ఒకరికొకరు డాలర్లు చేబదులు ఇచ్చుకుందామని ఒప్పుకున్నారు.

వ్యాపారం దగ్గరకొస్తే నాకూ తికమకే. 2019లో ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల వ్యాపార ఒప్పందం నుంచి మనం బయటికొచ్చాం. మిగతా పదిహేను దేశాలు మరుసటి ఏడు సంతకాలు చేసుకున్నాయి. న్యూజిలాండ్ పాలపొడి వచ్చిపడితే మన పాలకేంద్రంలో పోసే రంగమ్మత్త గేదెలు ఏం కావాలని అప్పుడు నేనే సంతోషించాను. ఈ ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది. మన రొయ్యలు ఎక్కువగా కొనేది వాళ్లే. చెరువు గట్టు మీద మీ చిన్నమామయ్య రొయ్యల రేటు చూసి తల పట్టుకున్నాడు. ఇరుగు పొరుగు బజార్లు అప్పుడు గుర్తొచ్చాయి అందరికీ. రంగమ్మత్త గేదెలూ మామయ్య రొయ్యలూ ఒకే ఒప్పందంలో ఎలా ఇముడుతాయో నాకు తోచలేదు. పెద్ద చదువులు చదివి మీరే చెప్పాలి.

మొన్నటి దిత్వా తుఫాను పేరు యెమెన్‌ది. మనకు వానలతో సరిపెట్టింది గానీ శ్రీలంకలో వందల మందిని పొట్టన పెట్టుకుంది. మన ఓడలూ విమానాలూ సాయానికి వెళ్లాయి.

బబ్లూ, జాబితాలో తర్వాతి వంతు బంగ్లాదేశ్‌ది. పేరు అర్ణబ్. అమ్మనడుగు, అర్ణవం అంటే మనకూ సముద్రమే. ఆ తర్వాత మన వంతు, మురసు. తమిళంలో పెద్ద ఢంకా. మునగచెట్టు మొదలు మళ్లీ చిగురేసింది. సంక్రాంతికి వచ్చేటప్పుడు స్వెట్టర్లు తెచ్చుకోండి, ఈసారి చలి ఎక్కువగా ఉంది.

ఇట్లు,
మీ అమ్మమ్మ