డోసు తప్పితే తప్పు సిస్టర్‌దేనా? వైద్య పరికరాలపై అపోహలు - వాస్తవాలు

రాజోలు నుంచి భీమవరం దాకా నర్సింగ్ హోముల్లో మానిటర్లు, మందుని కొద్దికొద్దిగా ఎక్కించే సిరంజి పంపులు చూసే బయోమెడికల్ ఇంజనీర్ని. ఎక్కడికెళ్లినా ఈ మాటలే వినిపిస్తాయి.

అపోహ: డోసు తప్పిందంటే ఇచ్చినవాళ్ల నిర్లక్ష్యమే.

వాస్తవం: ఇన్సులిన్ సంగతే చూడండి. మన దగ్గర సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. 100 యూనిట్లవీ ఉన్నాయి. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. పక్కపక్కన పెడితే తప్ప తేడా చప్పున తెలీదు, పైగా వాడేముందు ఆ మూత తీసి పక్కన పడేస్తాం. 100 ఇన్సులిన్‌ని 40 సిరంజిలో 20 గీత దాకా, అంటే అర మిల్లీలీటరు లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు! లంక గ్రామంలో మసక చూపుతో తనే పొడుచుకునే మామ్మగారిని ఏమని తప్పుపడతాం? సీసా మీదా సిరంజి మీదా ఒకే అంకె ఉందో లేదో షాపులోనే చూసి ఇవ్వాలి.

అపోహ: ట్రైనింగ్ ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: ట్రైనింగ్ కావాలి. కానీ రాత్రి మూడింటికి ఒక్క సిస్టరే వార్డంతా చూస్తుంటే నేర్చుకున్నదంతా గుర్తుకు రావద్దూ? అందుకే తప్పు చేద్దామన్నా కుదరని డిజైన్ కావాలి. మత్తు మెషిన్‌కి తగిలించే చిన్న సిలిండర్లలో ఆక్సిజన్‌కి 2, 5 స్థానాల్లో, నైట్రస్ ఆక్సైడ్‌కి 3, 5 స్థానాల్లో రంధ్రాలుంటాయి. వాటిలో దూరే మెషిన్ పిన్నులు సరిగా ఉన్నంతవరకు ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు. నాకు బాగా నచ్చిన డిజైన్ ఇది.

అపోహ: అలారాలు ఎన్నుంటే అంత భద్రం.

వాస్తవం: వేలికి తగిలించే ప్రోబ్ (సెన్సర్ క్లిప్) జారినా మోగే మెషిన్‌కి చెవులు అలవాటుపడిపోతాయి. రోగిని బట్టి లిమిట్లు మార్చాలి.

అపోహ: అంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

వాస్తవం: థెరాక్-25 అనే రేడియేషన్ మెషిన్ వల్ల 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి విపరీతమైన మోతాదు పడింది. కొందరు చనిపోయారు. పాత మోడళ్లలో ఉన్న హార్డ్‌వేర్ రక్షణలు తీసేసి, భారమంతా సాఫ్ట్‌వేర్ మీద వేశారు. తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అని వస్తే ఆపరేటర్‌కి ఏం అర్థమవుతుంది? అలాంటివి తరచూ వచ్చేవే కాబట్టి ‘పి’ నొక్కి కొనసాగించారు.

పంపు కొనేముందు డెమో డాక్టరుగారికే కాదు, నైట్ డ్యూటీ సిస్టర్‌కీ ఇప్పించండి. గ్లవ్స్‌తో గంటకు 1.5 ఎం.ఎల్. సెట్ చేయమనండి. పాయింట్ పడక 15 అయితే మెషిన్ ఆపుతుందా, ఊరుకుంటుందా చూడండి. వాడకంలో ఇబ్బందులొస్తే ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూసే మెటీరియోవిజిలెన్స్ (వైద్య పరికరాలతో వచ్చే ఇబ్బందుల్ని నమోదు చేసే) కార్యక్రమానికి రాయండి. 2015 నుంచి నడుస్తోంది. పరికరం పాడవకపోయినా, తెర తికమక పెట్టిందని కూడా రాయాలి.