సీఎంసీ, మిథైల్ సెల్యులోజ్: ఒకటి బదులు ఇంకోటి వేయొచ్చా?

ఇంట్లో ఐస్‌క్రీం చేసేవాళ్లకు జీఎంఎస్ (గ్లిసరాల్ మోనోస్టియరేట్), సీఎంసీ (కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్) పౌడర్లు బాగా తెలుసు. సీఎంసీకి దగ్గరి చుట్టమైన మిథైల్ సెల్యులోజ్ కూడా ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. ఆహార తయారీ రంగంలో ఉన్న నన్ను ఈ రెండింటి గురించి చాలామంది అడుగుతుంటారు.

అపోహ: ఇవి ప్లాస్టిక్, లేదంటే జంతువుల నుంచి తీసినవి.

రెండూ కాదు. చెక్క గుజ్జు నుంచో, పత్తి గింజలకు అంటుకుని ఉండే నూగు నుంచో వచ్చిన సెల్యులోజే, అంటే మొక్కల్లో ఉండే పీచు పదార్థమే, వీటికి మూలం. అలాగని పూర్తిగా సహజం అనడమూ సరికాదు. నీళ్లలో కరగని సెల్యులోజ్‌ను కరిగేలా చేయడానికి ఫ్యాక్టరీలో కాస్టిక్ సోడాతో, ఆపైన మరో రసాయనంతో మారుస్తారు. లేబుల్ మీద 466 అని ఉంటే సీఎంసీ, 461 అయితే మిథైల్ సెల్యులోజ్.

అపోహ: రెండూ చిక్కదనం కోసమే కదా, ఏది వేసినా ఒకటే.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. సీఎంసీ చన్నీళ్లలోనూ వేడినీళ్లలోనూ కరుగుతుంది. వేడి చేస్తే పలచబడి, చల్లారాక మళ్లీ చిక్కబడుతుంది. మిథైల్ సెల్యులోజ్ వేడినీళ్లలో కరగదు, చల్లబడ్డాకే కరుగుతుంది. దాని ద్రావణాన్ని చిన్న గిన్నెలో పోసి స్టవ్ మీద పెట్టి చూడండి. తేటగా, పాకంలా ఉన్నది 50–60 డిగ్రీలు దాటేసరికి తెల్లగా మసకబారి జెల్లీలా గడ్డకడుతుంది. దించి చల్లారనిస్తే మళ్లీ తేటబడి జారుతుంది. చల్లారితే గడ్డకట్టే జెలటిన్, అగర్‌లకు ఇది పూర్తిగా రివర్స్.

గుడ్డు వేయని వెజ్ ప్యాటీ పెనం మీద విడిపోకుండా నిలబడేది ఈ గుణం వల్లే. సీఎంసీతో ఆ పని జరగదు. పుల్లటి పాల డ్రింకులో ప్రోటీన్ విరిగి అడుగుకు దిగకుండా చూడాలంటే మాత్రం సీఎంసీయే కావాలి. రుణావేశం (నెగెటివ్ ఛార్జ్) ఉన్న సీఎంసీ, పాలలోని ప్రోటీన్ అయిన కేసీన్ కణాలకు అంటుకుని వాటిని విడివిడిగా ఉంచుతుంది. మిథైల్ సెల్యులోజ్‌కు అలాంటి ఛార్జే లేదు.

అపోహ: ఉండలు కడితే పౌడర్ నాసిరకం.

కలిపే పద్ధతిలో తేడా, అంతే. సీఎంసీని ముందు పంచదారతో పొడిగా కలిపి, పాలు గిలకొడుతూ కొద్దికొద్దిగా చల్లాలి. మిథైల్ సెల్యులోజ్‌ను వేడినీళ్లలో చెదరగొట్టి, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టాలి.

అపోహ: సీఎంసీ ఎక్కువ వేస్తే ఐస్‌క్రీం ఇంకా మెత్తగా వస్తుంది.

రాదు, నాలుక మీద జిగటగా సాగుతుంది. లీటరు మిశ్రమానికి 1–2 గ్రాములు చాలు.

అపోహ: తింటే పేగుల్లో అతుక్కుపోతాయి.

ఇవి అరగవు, మలంతో పాటు బయటికి పోతాయి. మిథైల్ సెల్యులోజ్‌ను మలబద్ధకానికి మందుగా కూడా వాడతారు. అయితే ఒక అధ్యయనంలో కొద్దిమందికి రోజుకు 15 గ్రాముల సీఎంసీ ఇస్తే పేగుల్లోని బ్యాక్టీరియా తీరు మారింది. ఐస్‌క్రీం కప్పులో ఉండేది అందులో చాలా చిన్న వంతు. అయినా ప్యాకెట్ ఫుడ్ రోజూ తినేవాళ్లు ఈ విషయాన్ని పట్టించుకోవాలి.

డిటర్జెంట్లకు, బోరు డ్రిల్లింగ్‌కు వాడే సీఎంసీ వేరే ఉంది. అందులో తయారీలో మిగిలిన లవణాలు చాలా ఉంటాయి. లేబుల్ లేని లూజు పౌడర్ చవగ్గా వస్తోందని కొనకండి. ఫుడ్ గ్రేడ్ అని రాసి, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు ఉన్న ప్యాకెట్ మాత్రమే తీసుకోండి.