నక్షత్రం గాలికి ధూళి ఎటు పోతుంది?

మా తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న సూర్యుడిని గమనించే ఆదిత్య-ఎల్1 వెళ్లింది. సూర్యుడి గాలిని, అంటే సూర్యుడి నుంచి ఎప్పుడూ బయటికి దూసుకొచ్చే విద్యుదావేశ కణాల ధారను కొలిచే పరికరం కూడా అందులో ఉంది. వేరే నక్షత్రం గాలిని అలా దగ్గరికెళ్లి పట్టుకోలేం. అందుకే పసి నక్షత్రాల చుట్టూ తిరిగే ధూళి గురించి ఏ లెక్క వేసినా సూర్యుడి గాలితోనే పోల్చుకోవాలి.

అసలు అలాంటి గాలి ఉందని ఒప్పుకోవడానికే చాలా కాలం పట్టింది. తోకచుక్కల తోకల్లో వాయువును వెలుగు ఒక్కటే అంత బలంగా తోయలేదని, సూర్యుడి నుంచి కణాలు కూడా వీస్తుండాలని 1951లో బీర్మన్ అనే శాస్త్రవేత్త అన్నాడు. 1958లో యూజీన్ పార్కర్ ఆ గాలికి లెక్క కట్టి ఒక సైన్స్ పత్రికకు పంపిస్తే, పరిశీలించిన ఇద్దరూ వద్దన్నారు. ఆ పత్రిక సంపాదకుడు మన ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆయనకూ ఆ ఆలోచన నచ్చలేదు. అయినా లెక్కలో తప్పు కనబడలేదని అచ్చు వేశారు. ఎంత పెద్ద మనసు! 1962లో మారినర్-2 వ్యోమనౌక వెళ్లి ఆ గాలి నిజమేనని తేల్చింది.

ధూళి కథ ఇంకా పాతది. వెలుగు రేణువును బయటికి తోయడమే కాదు, దాని పరుగుకు అడ్డం కూడా పడుతుందని 1903లో పాయింటింగ్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. 1937లో రాబర్ట్‌సన్ ఆ లెక్కను సరిదిద్దాడు. అలిపిరి రోడ్డులో వానలో బండి మీద వెళ్తే ఇది అర్థమవుతుంది. వాన నిట్టనిలువునా పడుతున్నా మనకు ఎదురుగా వచ్చి కొడుతుంది. వేగంగా పడే పెద్ద చినుకు కొంచెమే వాలుతుంది, మెల్లగా దిగే తుంపర నేరుగా హెల్మెట్ అద్దానికే తగులుతుంది. సూర్యుడి నుంచి భూమి ఉన్నంత దూరంలో రేణువు సెకనుకు 30 కిలోమీటర్లు పోతుంది. వెలుగు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వచ్చే పెద్ద చినుకు. 400 కిలోమీటర్ల వేగంతో వచ్చే సూర్యుడి గాలి తుంపర. అందుకే గాలి తోపు వెలుగు తోపులో వెయ్యో వంతు కూడా లేకపోయినా, దాని అడ్డు మాత్రం వెలుగు అడ్డులో సుమారు 30 శాతం ఉంటుంది. ఆ అడ్డుకు వేగం తగ్గి, రేణువు చుట్లు చుడుతూ సూర్యుడి వైపు జారుతుంది.

1983లో ఐరాస్ (IRAS) అనే ఉపగ్రహం వేగా నక్షత్రం చుట్టూ ధూళిని పట్టింది. ఆ తర్వాత చాలా నక్షత్రాల దగ్గర దొరికింది గానీ, కోటి ఏళ్లు దాటిన చిన్న ఎర్ర నక్షత్రాల దగ్గర అరుదుగానే కనబడింది. వాటి వెలుగు తక్కువ, గాలి ఎక్కువ. ఆ గాలే అడ్డుపడి ధూళిని లోపలికి లాగేసి ఉంటుందని 2005లో ప్లావ్‌చన్ బృందం వాదించింది.

‘ఏయూ మైక్రోస్కోపై’ అనేది కూడా అలాంటి చిన్న ఎర్ర నక్షత్రమే. వయసు సుమారు 2 కోట్ల ఏళ్లు, దూరం 32 కాంతి సంవత్సరాలు. 2004లో దాని చుట్టూ ధూళి పళ్లెం కనబడింది. 2015లో చూస్తే ఆ పళ్లెంలో ధూళి గుత్తులు బయటికి పరుగెత్తుతున్నాయి. కొన్నిటి వేగం నక్షత్రం పట్టు దాటిపోయేంత. దాని వెలుగు సూర్యుడి వెలుగులో పదోవంతే, అంత తోపు దానికెక్కడిది? ఇది ఆ నక్షత్రం బలమైన గాలి పనేనని 2017లో చియాంగ్, ఫంగ్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. కళ్లంలో చెనిక్కాయలు తూర్పారబడితే కాయ కిందపడి పొట్టు ఎగిరిపోయినట్టు, పెద్ద రేణువులు ఉండిపోతాయి, బాగా సన్నవి ఆ గాలికి కొట్టుకుపోతాయి.